పెదనాన్న గోటిమీద రొయ్య

మా పెదనాన్న ఎడమచేతి చిటికెనవేలికి గోరు పెంచుకునేవాడు. కత్తిరించడం మర్చిపోతే పెరిగిన గోరు కాదది, పట్టుబట్టి పెంచింది. వేలు దాటి అంగుళం పైనే ముందుకొచ్చి, కొన దగ్గర చిన్న గరిటెలా లోపలికి వంపు తిరిగి ఉండేది. రంగు చూస్తే పాత హార్మోనియం మెట్టు. ఆ వంపులో ఎప్పుడూ ఏదో ఒకటి ఇరుక్కుని ఉండేది. చూడకూడదు అనుకుంటూనే, ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడల్లా నా కళ్ళు తిన్నగా అక్కడికే పోయేవి.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. రొయ్యల చెరువు చేద్దామని మా నాన్న తూర్పుగోదావరిలోని మా ఊరు వదిలి మమ్మల్ని యానాం తీసుకొచ్చాడు. ఫరంపేటలో అద్దె ఇల్లు, దరియాలతిప్ప వైపు చెరువు. ఆ చెరువు చూపించిందీ, యజమానితో మాట్లాడి కుదిర్చిందీ పెదనాన్నే. నాన్నకి సొంత అన్న. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. చెరువు రైతులకీ రొయ్యలు కొనేవాళ్ళకీ మధ్య బేరం కుదర్చడం ఆయన పని. రొయ్య ఎదిగే కాలమంతా మా ఇంట్లోనే ఉండేవాడు. హాల్లో కిటికీ పక్కనున్న నవారు మంచం ఆయనది.

పొద్దున్నే లేచి ఆ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ముందు ఆ గోరు చెవిలోకి వెళ్ళేది. కళ్ళు సగం మూసుకుని, నోరు ఓ పక్కకి లాగి, చాలాసేపు తిప్పేవాడు. బయటికి తీసి, వెలుతురుకేసి పట్టి, ఏం వచ్చిందో చూసుకుని మంచం పట్టీకి రాసేవాడు. తర్వాత కాలివేళ్ళ సందులు. చెరువు గట్ల మీద తిరిగి తిరిగి ఆయన కాళ్ళు ఒరిసిపోయి ఉండేవి. ఆ తెల్లగా నానిన తోలుని గోటితో గీకి, నేల మీద ఒక పక్కకి పోగు చేసేవాడు. అది ఊడ్చేది అమ్మ.

ఇదంతా ఓ ఎత్తు, ఆయన భోజనం ఓ ఎత్తు. అన్నం తింటూ మధ్యలో ఊరగాయ కావాలంటే, అమ్మ వచ్చి వడ్డించేదాకా ఆగేవాడు కాదు. మాగాయ జాడీ మూత తీసి, ఎడమచేతి చిటికెనవేలు లోపలికి దించి, ఆ గోటితోనే ముక్క పైకి లాగేవాడు. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు వెళ్ళబెట్టాను. ఆయన నా మొహం చూసి నవ్వాడు.

"కుడిచెయ్యి ఎంగిలి గదే బుల్లీ. ఎంగిలి చెయ్యి జాడీలో పెడితే ఊరగాయ బూజు పట్టేస్తది. అందుకని ఎడంచేత్తో తీసుకుంటన్నాను."

అంటే ఆయన లెక్క ప్రకారం అది శుచి. ఎంగిలి పనికిరాదు కానీ, చెవిలో గుబిలీ కాలి మురికీ పరవాలేదు. ఆ ఎడమచెయ్యి పొద్దున్నే పెరట్లో ఇంకేం పనికి వాడతారో అందరికీ తెలిసిందే. నేను ఆ రోజునుంచి మాగాయ ముట్టలేదు. కొన్నాళ్ళకి గమనించాను, అమ్మ కూడా ముట్టడం లేదు. ముక్క కోసి, ఎండబెట్టి, మెంతిపిండి కలిపి, జాడీకి ఎత్తింది ఆవిడ. అది లేనిదే ఆవిడకి అన్నం దిగేది కాదు.

"నువ్వు మాగాయ వేసుకోవేంటమ్మా?" అని అడిగాను.

"కడుపులో మంటే," అంది, మజ్జిగ పోసుకుంటూ. నా కళ్ళలోకి చూడలేదు.

ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడే చోటు పెరటి అరుగు. పక్కింట్లో ఉండే టీచరుగారి అమ్మాయి నా ఈడుదే. వాళ్ళు క్రైస్తవులు, యానాంలోనే పుట్టి పెరిగినవాళ్ళు. తనకి గోళ్ళరంగుల పిచ్చి. కాకినాడ వెళ్ళినప్పుడల్లా ఒక సీసా కొని తెచ్చేది. ఎరుపు, తెలుపు, ముత్యం మెరుపున్న గులాబీ, ఎక్కడో వెతికి పట్టుకొచ్చిన నలుపు. ఒక వారపత్రికలో గోళ్ళమీద పువ్వులు వేసుకోవడం ఎలాగో బొమ్మలతో సహా వచ్చింది. ఆ కాగితం చింపి తెచ్చి అరుగు మీద పరిచింది. అలా మొదలైంది.

దానికి ప్రత్యేకంగా కొనాల్సినవేం లేవు. తలపిన్ను గుండ్రటి కొన రంగులో ముంచి గోటిమీద ఆనిస్తే చుక్క పడుతుంది. ఒక చుక్క చుట్టూ ఐదు చుక్కలు పెడితే పువ్వు. సెల్లోటేపు సన్నగా కత్తిరించి అడ్డంగా అంటించి, పైన రంగు వేసి, ఆరేలోగా మెల్లిగా లాగేస్తే గీత నిలబడుతుంది. కొబ్బరి చీపురుపుల్లని చాకుతో సన్నగా చీల్చుకుంటే దాంతో తీగలు లాగొచ్చు. ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోసి, ఒకదాని మీద ఒకటి రంగు చుక్కలు వదిలి, పుల్లతో కదిపి, అందులో వేలు ముంచితే పాలరాతి మీది చారల్లాంటివి వచ్చేవి. అది పది సార్లు చేస్తే రెండు సార్లు కుదిరేది. మిగిలిన ఎనిమిది సార్లూ వేలంతా పూసుకుపోయేది.

అన్నిటికంటే ముందు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు నానబెట్టి, పాత బ్రష్షుతో గోళ్ళ కింద రుద్దుకునేవాళ్ళం. నాకు అదే అన్నిటికన్నా ఇష్టం. తుడిచిన తర్వాత గోరు లేతగా, కింద రక్తం కనిపిస్తూ, ఏ వాసనా లేకుండా ఉండేది. ఆ కాసేపు మనిషి శరీరం శుభ్రంగా ఉండగలదని నమ్మకం కలిగేది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం అలా కూర్చుని ఉండగా పెదనాన్న చెరువునుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, మా దగ్గర ఆగాడు.

"ఏంటే, గోళ్ళకి ముగ్గులెట్టుకుంటన్నారా?"

టీచరుగారమ్మాయి చేతులు చూపించింది. తెల్లరంగు మీద ఎర్ర పువ్వులు. ఆయన వంగి శ్రద్ధగా చూశాడు. తర్వాత తన చిటికెనవేలు మా ఇద్దరి మధ్యకి చాపాడు.

"దీనికెయ్యి చూద్దాం. మీ గోళ్ళన్నీ కలిపినా నా ఒక్కదానంత ఉండవు. ఇక్కడైతే బొమ్మ బాగా పడుద్ది."

టీచరుగారమ్మాయి వోణీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను, "మగవాళ్ళు వేసుకోరు పెదనాన్నా," అన్నాను.

"ఎవరు సెప్పేరు? రొయ్య వెయ్యి. టైగర్ రొయ్య. బ్రోకరు గోటిమీద రొయ్య ఉంటే తప్పేంటి?"

వంటింటి గుమ్మంలోంచి అమ్మ వింటోంది. "వేసెయ్యవే. పెద్దాయన నోరు తెరిచి అడిగేరు," అంది. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. ఆయన్ని నొప్పించకూడదన్నది ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా అమ్మకి అలవాటైపోయింది.

"అయితే ముందు కడగాలి," అన్నాను.

బేసిన్లో వేడినీళ్ళు పోసి, సబ్బు వేసి, ఆయన చెయ్యి అందులో పెట్టించాను. కాసేపటికి నీళ్ళ మీద బూడిదరంగు తెట్టు కట్టింది. బ్రష్షుతో గోరు కింద రుద్దితే నల్లటి ముద్దలు ఊడి వచ్చాయి. అందులో ఒక అన్నం మెతుకు ఉంది. దారప్పోగు లాంటిది ఒకటి ఉంది. మిగతావి ఏంటో నేను పేరు పెట్టుకోదల్చుకోలేదు. వాసన మాత్రం రొయ్యపొట్టుని ఎండలో పోగేసి వదిలేసిన చోట వచ్చేదే. నేను నోటితో ఊపిరి పీలుస్తూ రుద్దాను. ఆయన మాత్రం, పిల్ల సేవ చేస్తోంది కదా అని, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. టీచరుగారమ్మాయి లోపలికి వెళ్ళి, కాసేపటికి మొహం కడుక్కుని తిరిగొచ్చింది. పాపం, నన్ను ఒంటరిగా వదిలెయ్యలేదు.

గోరు ఆరాక తెల్లరంగు రెండు పూతలు వేశాను. ఎరుపులో నలుపు కొద్దిగా కలిపితే రొయ్య గోధుమరంగు వచ్చింది. గోటి వంపు రొయ్య వీపు వంపుకి సరిగ్గా సరిపోయింది. తోక గోటి కొన దగ్గర, తల వేలి వైపు. ఒంటిమీద నల్లటి పట్టీలు. తలపిన్ను కొనతో కన్ను. చీల్చిన చీపురుపుల్లతో మీసాలు, ఒక్కో వెంట్రుకంత సన్నగా, వెనక్కి వాలిపోతున్నట్టు. అయ్యేసరికి అది నీళ్ళలో ఈదుతున్నట్టే ఉంది.

నేను గోళ్ళమీద వేసిన బొమ్మలన్నిటిలోకీ బాగా కుదిరింది అదొక్కటే. ఎంతమంది పిల్లల చక్కటి గోళ్ళమీద వేసినా అలా రాలేదు. పోయి పోయి ఆ గోటిమీద కుదరాలా అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"పెదనాన్నా, దీన్ని కూరల్లో ముంచకూడదు, చెవిలో పెట్టకూడదు. రంగు లేచిపోతుంది," అని చెప్పాను.

ఆయన విన్నాడు. రొయ్య కోసం విన్నాడు. నెలల తరబడి అమ్మ ఇబ్బంది చూసి కూడా దిగిరాని మనిషి, ఆ బొమ్మ పాడవుతుందంటే దిగొచ్చాడు. ఎక్కడికెళ్ళినా ఆ వేలు ఒక్కటీ పైకెత్తుకుని నడిచేవాడు. రేవు దగ్గర టీ కొట్లో, చెరువుల మీద, రొయ్యలు తూచే చోట, అందరికీ చూపించేవాడు. "మా తమ్ముడి కూతురు ఏసింది," అనేవాడు. దారిలో ఎవరెవరో నన్ను ఆపి, రొయ్య వేసింది నువ్వేనటగా అని అడిగేవారు. ఆ బొమ్మ కింద ఏముందో వాళ్ళకి తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కాలేజీనుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో పీట వేసుకుని ఒక్కతీ తింటోంది. కంచంలో వేడన్నం, నూనె, కొత్త జాడీలోంచి తీసిన మాగాయ ముక్క. ముక్కని చీక్కుంటూ కళ్ళు మూసుకుంది. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వి, "కడుపులో మంట తగ్గిందే," అంది. నేనూ పక్కన కూర్చుని ఒక ముద్ద తిన్నాను.

అది ఎంతోకాలం సాగలేదు. రొయ్యకి జబ్బుందేమో చూడాలంటే తల మీది డిప్ప ఒలిచి, దాని లోపలివైపు తెల్లమచ్చలున్నాయేమో ఎండకి పట్టి చూడాలి. పెదనాన్న ఆ పని గోటితో చేసేవాడు. అలా చేసినప్పుడల్లా అంచున రంగు కొంచెం లేచేది. నా దగ్గరికి వచ్చి, "బుల్లీ, తోక అతికించు," అనేవాడు. పాత రంగు రిమూవరుతో తుడిచేసి మళ్ళీ వేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఆ స్పిరిట్టు వాసన నాకు పడదు. గోరు పెళుసెక్కుద్ది. పైపైన ఎయ్యి."

పైపైన వేశాను. ఇంకోసారి వేశాను. తర్వాత నేను తప్పించుకు తిరగడం మొదలుపెట్టేసరికి, రంగులేని పాలిష్ సీసా ఆయనే ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు. పొద్దున్నే మంచం మీద కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టిన చెవి పని అయ్యాక, దాని మీద తనే ఒక పూత పూసుకునేవాడు. పూత మీద పూత పడి ఆ గోరు చొక్కా గుండీ అంత మందమైంది. ఎంత మందమైతే అంత ధైర్యం వచ్చింది ఆయనకి. "ఇప్పుడు రాయిలా గట్టిపడిందే, దేంట్లో పెట్టినా ఏం కాదు," అన్నాడు. ఆ మధ్యాహ్నమే గోరు మాగాయ జాడీలోకి దిగింది.

అమ్మ మళ్ళీ మజ్జిగలోకి వచ్చేసింది.

కొన్నాళ్ళకి వాసన మొదలైంది. రంగు కింద గోరు చర్మాన్ని వదిలేసి లేచినట్టుంది. ఆ సందులోకి చెరువు నీళ్ళు వెళ్తున్నాయి, రావడం లేదు. తల తీసిన రొయ్యల్ని గిన్నెలో పెట్టి మూతపెట్టి మర్చిపోయి, రెండ్రోజుల తర్వాత మూత తీస్తే ఎలా ఉంటుందో, ఆయన చెయ్యి విసిరినప్పుడల్లా గదిలో ఆ గాలి తగిలేది. రొయ్య బొమ్మ మాత్రం పైన నిగనిగలాడుతూ ఉంది. టీచరుగారమ్మాయి మా ఇంటికి రావడం మానేసి, నన్నే వాళ్ళింటికి రమ్మనేది.

నేను నాన్నతో చెప్పాను. "నాన్నా, పెదనాన్న గోరు కుళ్ళిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఆ చేత్తో అన్నిట్లో..."

నాన్న పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పాడు. "పెద్దాళ్ళ సంగతి నీకెందుకే. చదువు చూసుకో," అన్నాడు.

చెరువు పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజుకి, దగ్గరపడింది. కాకినాడనుంచి రొయ్యలు కొనేవాళ్ళిద్దరు చెరువు చూడటానికి వచ్చారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అమ్మ పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంది. రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, గడ్డపెరుగు. హాల్లో చాపలు పరిచి ముగ్గురికి ఆకులు వేసింది. ఇద్దరు అతిథులు, మధ్యలో పెదనాన్న. నాన్న కూర్చోలేదు. నిలబడి అతిథులని ఇంకొంచెం వేసుకోమని బలవంతపెడుతున్నాడు. నేను నీళ్ళు పోస్తున్నాను.

పెదనాన్న మంచి ఊపు మీద ఉన్నాడు. గోరు చూపించాడు, రొయ్యల వాసనకి అలవాటుపడ్డ మనుషులు కాబోలు, వాళ్ళు మెచ్చుకున్నారు. బేరం మాటల్లో పడి, ఎదురుగా ఉన్న పప్పుగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మామిడి టెంక ముక్క అంటే ఆయనకి ప్రాణం. ఎడమచేతి చిటికెనవేలు పప్పులో ముంచి, అడుగునుంచి కెలికి, గోటితో టెంకని కొక్కెంలా తగిలించి పైకి లాగి ఆకులో వేసుకున్నాడు. అలా రెండు ముక్కలు లాగాడు. తర్వాత గిన్నె అతిథి వైపు నెట్టి, "కానివ్వండి, కానివ్వండి," అన్నాడు.

నాకు పెద్దగా అరవాలనిపించింది. అమ్మ వైపు చూశాను. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. ఈలోగా ఆ అతిథి పప్పు కలుపుకుని తినడం మొదలుపెట్టాడు.

నాలుగో ముద్దకో ఐదో ముద్దకో ఆయన దవడ ఆగింది. నోట్లోంచి ఏదో తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ఇదేంటండీ, పప్పులో రొయ్యపొట్టు పడ్డట్టుంది," అన్నాడు. నలిపి చూశాడు. నలగలేదు, గట్టిగా ఉంది. బొటనవేలితో పప్పు తుడిచాడు. గోధుమరంగు మీద నల్లపట్టీలు బయటపడ్డాయి.

రొయ్య తోక. నేను వేసిన తోక. దాని వెనకవైపు పసుప్పచ్చటి గోరు పొర అతుక్కుని ఉంది. ఆ పొరకి ఇంకేదో తడిగా వేలాడుతోంది.

పెదనాన్న తన వేలు చూసుకున్నాడు. గోటి కొన లేదు. మిగిలిన సగం పైకి లేచి, దాని కిందనుంచి ఆకుపచ్చటి నీరు కారుతోంది. ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"అది మనదేలెండి," అని చెయ్యి చాపి, ఆ ముక్క అతిథి వేళ్ళలోంచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

అతిథి లేచి పెరట్లోకి పరిగెత్తాడు. వాంతి చేసుకుంటున్న చప్పుడు హాల్లోకి వినిపించింది. రెండో ఆయన ఆకు మడవకుండానే లేచిపోయాడు. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. పప్పుగిన్నె తీసింది. ఇంకో చేత్తో మాగాయ జాడీ తీసింది. పెరట్లోకి వెళ్ళి రెండూ కాలవలో గుమ్మరించింది. తిరిగొచ్చి ఖాళీ జాడీ నేల మీద పెట్టి, పెదనాన్న ఎదురుగా నిలబడింది. ఆవిడ ఆయన ఎదురుగా అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"బావగారూ, ఆ గోరు తీయించుకుని రండి. అందాకా ఈ ఇంట్లో మీకు అన్నం వడ్డించను."

"ఏమే, మతిపోయిందా?" అన్నాడు నాన్న.

"పోలేదండీ. ఇన్నాళ్ళూ పోయింది. ఆయన చెవిలో పెట్టిన వేలు నా జాడీలో పెడతంటే చూస్తా నిలబడ్డాను చూడండి, అప్పుడు పోయింది. కాదంటే మీరే వండుకోండి. మీరే వడ్డించుకోండి. మీరే తినండి."

పెదనాన్న ఆవిడ వంక చూశాడు, తన చేతి వంక చూసుకున్నాడు. "అమ్మాయ్, పెళుసెక్కి ఊడిపోయింది గానీ..." అని ఏదో చెప్పబోయాడు. అమ్మ వినకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని చెరువు దగ్గరికి పోయాడు. అక్కడి పాకలోనే ఉండిపోయాడు. కొనేవాళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా కాకినాడ బస్సెక్కేశారు.

పాకలో ఉన్న నాలుగు రోజులకే ఆయనకి జ్వరం వచ్చింది. వేలు వంకాయలా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోందని కబురొచ్చింది. నాన్న, నేను వెళ్ళి ఆయన్ని యానాం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాన్నకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని లోపలికి నేను వెళ్ళాల్సి వచ్చింది.

డాక్టరు వేలికి మత్తుసూది వేసి, కత్తెర కొన గోరు కిందికి దూర్చాడు. మొదటి కోతకే ఆ గది నిండిపోయింది ఆ వాసనతో. అన్నీ చూసి ఉండే డాక్టరు కూడా మొహం పక్కకి తిప్పుకుని, కిటికీ తెరవమన్నాడు. గోరు ఊడొచ్చాక దాని అడుగుభాగం చూశాను. నల్లగా, ఆకుపచ్చగా, మెత్తగా, పాచి పట్టిన రాయి తిరగేసినట్టు. పైభాగం మీద రొయ్య తలా, కన్నూ, మీసాలూ చెక్కుచెదరలేదు.

"ఎన్నాళ్ళనుంచి తుడవకుండా పూస్తున్నారు దీన్ని?" అన్నాడు డాక్టరు. "ఇంకొంచెం ఆగితే వేలే తీసెయ్యాల్సొచ్చేది."

నర్సు దాన్ని దూది మీద పెట్టి చెత్తబుట్ట వైపు వెళ్ళబోయింది. పెదనాన్న తల ఎత్తాడు.

"అమ్మా, అది ఇలా ఇవ్వండమ్మా. మా పిల్ల ఏసింది. ఎంత బాగా ఏసిందో చూడండి."

నర్సు నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ఆయన ఆ దూదితో సహా తీసుకుని, మడిచి, అదే చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ క్షణాన నాకు జాలి కలగాలి. వెనకా ముందూ ఎవరూ లేని ముసలాయన, నా బొమ్మని పారెయ్యలేకపోతున్నాడు. ఈ మాట తర్వాత చాలామంది నాతో అన్నారు. కానీ కలగలేదు. నేను బయటికొచ్చి ఆసుపత్రి గోడ పక్కన కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నాన్న దూరంగా నిలబడి, "నీళ్ళు తాగు, నీళ్ళు తాగు," అంటున్నాడు.

వేలికి కట్టుతో పెదనాన్న ఇంటికొచ్చాడు. అమ్మ మాట తప్పలేదు, అన్నం పెట్టింది. ప్రతిదీ తనే గరిటెతో వడ్డించింది. గిన్నెలన్నీ ఆయన చేతికందనంత దూరంలో పెట్టింది. ఆయన తల వంచుకుని తిన్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. మధ్యమధ్య అది తనంతట తను లేచి చెవి దాకా వెళ్ళి, కట్టు తగిలి ఆగిపోయేది. పట్టుబడి అయ్యాక ఆయన మా ఊరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినా పొద్దున వచ్చి సాయంత్రానికి బస్సెక్కేసేవాడు.

ఆయన వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ముగ్గురం కలిసి భోజనానికి కూర్చున్నాం. అలా కలిసి కూర్చుని ఎన్నాళ్ళయిందో. నాన్న సరదాగా ఉన్నాడు. పప్పు కలుపుకుంటూ అన్నాడు:

"అన్నయ్యది చిన్నప్పట్నుంచీ అంతే. మా అమ్మ కూడా తిట్టేది. ఆ గోరు చూస్తే నాకు కడుపులో తిప్పేసేది. అందుకే కదా నేను పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని చెరువుకి పట్టుకుపోయేవాణ్ణి. ఆయన లేచి కంచం ముందు కూర్చోకముందే నాది కట్టించేసుకునేవాణ్ణి."

"మరి అమ్మ?" అన్నాను.

"అమ్మకేమైంది?" అన్నాడు నాన్న.

అడగటానికే అడిగాడు. ఎగతాళి లేదు, బుకాయింపు లేదు. నిజంగానే అమ్మకేమైందో ఆయనకి తెలియదు. అమ్మ పెరుగుగిన్నె ఆయన దగ్గరికి జరిపింది. నేను నాన్న చేతుల వంక చూశాను. ప్రతి ఆదివారం బ్లేడుతో ఒద్దికగా గోళ్ళు తీసుకునే అలవాటు ఆయనది. పది గోళ్ళూ పొట్టిగా, తెల్లగా, ఎక్కడా మరక లేకుండా ఉన్నాయి. ఆ శుభ్రమైన వేళ్ళు అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటుంటే, ఆసుపత్రిలో పుట్టిన వికారం మళ్ళీ గొంతులోకి వచ్చింది. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను.

"అదేంటే, అన్నం వదిలేశావు?" అని నాన్న వెనకనుంచి అడుగుతున్నాడు.

ఆ తర్వాత చాలాకాలం నేను నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను.